నొప్పుల పక్కన కూర్చునే చదువు

జమ్మికుంట స్టేషన్‌లో దిగి దవాఖాన దిక్కు నడుస్తుంటే రోడ్డు వార పొడుగునా పత్తి రాలి ఉంది. మార్కెట్ యార్డుకు పోయే ట్రాలీల నుంచి జారిన పత్తి అది. పత్తి ఏరుడు కాలంలో ఇక్కడి ఆడవాళ్లు ఏడో నెల కడుపుతోనూ చేనుకు పోతారు, నడుము వంచి రోజంతా పని చేస్తారు. నేను వచ్చింది వాళ్లను చూడడానికి, వాళ్లకు కాన్పు చేసే నర్సులకు ఆ పని ఎట్లా నేర్పుతున్నారో తెలుసుకోవడానికి.

ఆ రోజు 9వ తేదీ. ప్రతి నెలా 9న సర్కారు దవాఖానల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేయాలని 2016లో కేంద్రం ఒక పథకం పెట్టింది. అందుకే పొద్దున తొమ్మిదిన్నరకే వరండాలో బెంచీలు నిండాయి. 102 బండి ఒకటి గేటు దగ్గర ఆగి నలుగురిని దించి, మళ్లీ ఊళ్ల మీదికి వెళ్లిపోయింది. ఆశా కార్యకర్తలు చేతిలో కార్డులు పట్టుకుని తమ తమ ఊరి వాళ్లను పేరుపేరునా పిలుచుకుంటున్నారు. బరువు చూడడం, బీపీ, రక్త పరీక్ష, ఆ తర్వాత డాక్టరమ్మ గది.

నా పక్కన కూర్చున్న పెద్దమ్మ కోడలిని తీసుకొచ్చింది. తొలిచూలు, ఎనిమిదో నెల. డేటు ఎప్పుడిచ్చారని అడిగితే అయ్యగారు పెట్టిన తేదీ చెప్పింది. "ఆనాడు పొద్దున తొమ్మిది లోపట మంచిగున్నదట. గప్పుడే తీపియ్యాలె." ఇక్కడేనా అని అడిగాను. "ఈడికి సూపిచ్చుకుందామని అచ్చినం. కాన్పుకు ప్రైవేటుకు పోతం. ఈడ ఆగుమంటరు గదా."

"మరి నీ కాన్పులు ఎట్లయినయి పెద్దమ్మా?"

"ఇంట్లనే. మంత్రసాని అచ్చేది. ఐదుగురిల ఇద్దరు దక్కలే. మూడో కాన్పుల నేను సుత సచ్చి బతికిన."

ఇద్దరు బిడ్డల్ని పోగొట్టుకున్న మనిషి ఆమె. కోడలికి నొప్పులు ఏ అర్ధరాత్రి వస్తాయో, అప్పుడు పక్కన ఎవరుంటారో తెలియని స్థితి ఆమెకు వద్దు. తారీఖు, టైము, కత్తి పట్టుకుని సిద్ధంగా ఉన్న డాక్టరు, ఈ మూడూ ముందే ఖాయం కావాలి. మంచిరోజు పట్టింపు వెనక ఈ భయం ఉంది. దాన్ని మూఢనమ్మకమని తీసిపారేసే వాళ్లు ఆమె పక్కన ఒక పూట కూర్చోవాలి.

అయితే ఇట్లాంటి భయాలన్నీ కలిసి కరీంనగర్ జిల్లాను ఎక్కడికి తెచ్చాయో కూడా చెప్పాలి. 2019-20లో ఇక్కడ జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం జిల్లాలో నూటికి 82.4 కాన్పులు ఆపరేషన్‌తోనే అయ్యాయి. తెలంగాణ మొత్తానికి ఆ లెక్క 60.7, దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత లేదు. దేశ సగటు 21.5. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిందేమిటంటే, ఒక జనాభాలో ఆపరేషన్ కాన్పులు నూటికి పది దాటాక తల్లీబిడ్డల మరణాలు అందువల్ల తగ్గుతున్న దాఖలా కనిపించదని. అవసరమైన చోట పెద్దాపరేషన్ రెండు ప్రాణాలు నిలబెడుతుంది, దాని విలువ నాకు తెలుసు. కానీ ప్రతి ఐదుగురిలో నలుగురికి అది అవసరమని ఏ వైద్యశాస్త్రమూ చెప్పదు.

దీనికి డాక్టర్ల ఆశ ఒక్కటే కారణమంటే సగం మాటే అవుతుంది. తొలిచూలుకు నొప్పులు మొదలైన దగ్గర్నుంచి బిడ్డ బయటపడేదాకా పన్నెండు గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ఆ గంటలన్నీ ఆమె పక్కన ఉండి నడిపించాలి, నడుము రుద్దాలి, బిడ్డ గుండె వినాలి, ఎక్కడ ఆగాలో, ఎక్కడ డాక్టర్ని పిలవాలో కనిపెట్టాలి. ఓపీ, ఆపరేషన్లు, రౌండ్లు మీదేసుకున్న డాక్టరమ్మకు అది సాధ్యం కాదు. రెండు వార్డులు చూసుకునే స్టాఫ్ నర్సుకూ సాధ్యం కాదు. ఆపరేషనైతే గంట లోపు ముగుస్తుంది. మనిషి కొరత ఉన్న చోట సమయం తక్కువ పట్టే దారే గెలుస్తుంది.

ఆ కొరతకు మందు కనిపెట్టే పని మొదలైంది కూడా కరీంనగర్‌లోనే. 2017లో రాష్ట్ర ఆరోగ్యశాఖ, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్ కలిసి ముప్పై మంది సర్కారు స్టాఫ్ నర్సులను ఎంచుకుని, కాన్పు పక్కనుండి నడిపించే పనిలో, అంటే మిడ్‌వైఫరీలో, పద్దెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టాయి. ఫెర్నాండెజ్ వాళ్లకు అప్పటికే అనుభవం ఉంది. డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ చొరవతో 2011లోనే వాళ్లు తమ ఆసుపత్రిలో మిడ్‌వైఫ్‌లను తయారుచేయడం మొదలుపెట్టారు. కరీంనగర్ ప్రయోగం నడుస్తుండగానే, 2018 డిసెంబరులో, కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది. వాటిలోనూ కోర్సు కాలం పద్దెనిమిది నెలలే. అట్లా తయారైన నర్సులు రాష్ట్రంలో రెండు వందల మందికి పైగా అయ్యారు.

వాళ్లలో ఒకరితోనే నేను ఆ రోజు గడిపాను. జమ్మికుంట ఆమె సొంతూరు, జిల్లాలో మరో సర్కారు దవాఖానలో డ్యూటీ. వారం సెలవులో ఇంటికొచ్చి, జీఎన్ఎం నర్సింగ్ కోర్సు మూడో ఏడు చదువుతున్న మేనకోడలిని వెంటేసుకుని నాతో వచ్చింది. పేరు రాయొద్దంది. ఆమెను సిస్టర్ అనే అంటాను.

మధ్యాహ్నం ఆమె ఇంట్లో, ఎదురింటి కోడలు వచ్చి మంచం మీద పడుకుంది. ఏడు నెలలు నిండాయి. మేనకోడలికి పని నేర్పడానికే పిలిచిందని తర్వాత తెలిసింది. ఆ పిల్ల నేరుగా కడుపు మీద చేతులు పెట్టబోతే సిస్టర్ ఆపింది. "ముందుగాల చేతులు రుద్దుకో. సల్లటి చేతులు తాకితే కడుపు బిగుసుకుంటది, నీకేం తెలువది." పిల్ల అరచేతులు రుద్దుకుంది. "చెల్లెనడుగు, పట్టుకోవచ్చునా అని." అడిగింది. ఆమె నవ్వి తలూపింది.

మొదట రెండు చేతులూ కడుపు పైభాగాన. అక్కడ మెత్తగా ఉంటే పిర్రలు, గట్టిగా గుండ్రంగా ఉండి తడితే అటూ ఇటూ ఆడితే తల. తర్వాత చెరో పక్క. ఒక పక్క సాపుగా నిలువుగా తగిలితే అది వీపు, రెండో పక్క చిన్న చిన్నగా ఎగుడుదిగుడుగా తగిలేవి కాళ్లూ చేతులూ. ఆ తర్వాత కింద, తల పొత్తికడుపులోకి దిగిందా లేదా అని. ఆ పిల్ల ఎడమ పక్క వీపు అంది. సిస్టర్ అవునని గానీ కాదని గానీ అనలేదు. "మళ్ల సూడు. కండ్లు మూసుకొని సూడు." పిల్ల కళ్లు మూసుకుంది. వేళ్లు ఈసారి నెమ్మదిగా కదిలాయి. "కుడి పక్కకు, అత్తా," అంది. అప్పుడు సిస్టర్ ఫీటోస్కోప్ ఇచ్చి గుండె ఎక్కడ బాగా వినబడుతుందో నువ్వే చెప్పమంది. వీపు ఉన్న పక్కనే బిడ్డ గుండె బాగా వినబడుతుంది. కుడి పక్కనే దొరికింది. చేతి గడియారం చూసుకుంటూ నిమిషం లెక్కపెట్టింది, 142. ఉండాల్సింది 110కి, 160కి మధ్య.

ఇందులో యంత్రమేమీ లేదు. ఖర్చయింది ఇరవై నిమిషాల టైము. కానీ ఆ ఇరవై నిమిషాలు పక్కన నిలబడి, జవాబు చెప్పకుండా, తప్పు చేతికే తెలిసిపోయేదాకా ఆగే గురువు ఒకరు కావాలి. నలభై మంది విద్యార్థులకు ఒకే టీచరుంటే ఇది జరగదు. బొమ్మ మీద ఒకసారి చూపించి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టి పంపిస్తారు. "మేం జీఎన్ఎం చదివేటప్పుడు గట్లనే అయింది మేడం," అంది సిస్టర్. "కాన్పుల రూముల ఎన్కకు నిలబడి సూసినం. చేసింది తక్కువ. నౌకరి అచ్చినంక రాత్రి డ్యూటీల ఒక్కదాన్నే ఉంటే చేతులు వణికేటియి."

మిడ్‌వైఫరీ శిక్షణలో మొదటి నెలలు, నేర్చుకున్నవి కొన్ని మానుకోవడానికే సరిపోయాయట. వెల్లకిలా పడుకోబెట్టడం, అరవొద్దని కసరడం, కడుపు మీద నొక్కి తోయడం, అవసరం లేకున్నా కింద కోత పెట్టడం. ఇవన్నీ ఆమె పదేళ్లు చూసినవే, కొన్ని చేసినవి కూడా. టీచర్ ఆమెను ఒక రాత్రంతా ఒకే గర్భిణి పక్కన కూర్చోబెట్టింది, ఏ పనీ చెప్పకుండా. నడవాలనిపిస్తే నడవనివ్వు, బాల్ మీద కూర్చుంటానంటే కూర్చోనివ్వు, పక్కకు తిరిగి పడుకుంటానంటే పడుకోనివ్వు అంది. "పొద్దుగాల ఐదింటికి బిడ్డ పుట్టింది. నేను చేసింది నీళ్లు తాపుడు, నడుము పట్టుడు, గుండె వినుడు. గా తల్లి పోయేటప్పుడు నా చేయి ఇడువలే."

తర్వాత పార్టోగ్రాఫ్ తీసి చూపించింది. నొప్పులు ఎట్లా సాగుతున్నాయో గీసుకునే గళ్ల కాగితం అది. గర్భద్వారం ఎంత తెరుచుకుందో నాలుగు గంటలకోసారి, బిడ్డ గుండె అరగంటకోసారి, పది నిమిషాల్లో ఎన్ని నొప్పులొచ్చాయో, తల్లి బీపీ, నాడి, అన్నీ అందులో ఎక్కుతాయి. ఏటవాలుగా రెండు గీతలుంటాయి. కాన్పు సాగే గీత మొదటిదాన్ని దాటితే జాగ్రత్తపడాలి, రెండోదాన్ని చేరితే డాక్టర్ ఏదో ఒకటి తేల్చాలి. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మార్చి కొత్త పట్టిక తెచ్చింది. అందులో నొప్పుల అసలు దశ నాలుగు సెంటీమీటర్ల దగ్గర కాక ఐదు దగ్గర మొదలవుతుంది. ఒక్క సెంటీమీటరే కదా అనుకోవచ్చు. కానీ ఆ ఒక్క సెంటీమీటరు దగ్గర తొందరపడి "సాగుతలేదు" అని థియేటర్‌కు పంపిన తల్లులు ఎందరో! గంట గంటకూ నింపిన కాగితం చేతిలో ఉన్న నర్సు, డాక్టరమ్మతో ధైర్యంగా చెప్పగలదు, ఇంకా టైముంది మేడం అని. అంతే ధైర్యంగా ఇప్పుడే రావాలి అని కూడా చెప్పగలదు. రెండోదే ముఖ్యమంది సిస్టర్. మిడ్‌వైఫ్ అంటే ఆపరేషన్ వద్దనే మనిషని కొందరు డాక్టర్లు అనుకుంటారట. "మాకు నేర్పింది ఎప్పుడు పిలువాల్నో. గది రాకుంటే నేను మంత్రసానినే."

ఇట్లా పక్కన నిలబడి నేర్పే గురువులు కావాలంటే కాలేజీల సంగతి ఇక్కడే ఎత్తాలి. 2021 దాకా పాత కరీంనగర్, పాత ఆదిలాబాద్ జిల్లాలు రెంటికీ కలిపి సర్కారు మెడికల్ కాలేజీ ఒక్కటే, 2008లో వచ్చిన ఆదిలాబాద్ రిమ్స్. 2022 నవంబరు 15న రాష్ట్రంలో ఎనిమిది కాలేజీలు ఒకేసారి తెరిచారు, అందులో జగిత్యాల, రామగుండం, మంచిర్యాల ఉన్నాయి. మరుసటేడు సెప్టెంబరు 15న ఇంకో తొమ్మిది, అందులో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్. పది నెలల్లో ఒకటి ఎనిమిదైంది. సిరిసిల్లలో 2021లోనే సర్కారు నర్సింగ్ కాలేజీ వచ్చింది. 2014 తర్వాత పుట్టిన మెడికల్ కాలేజీల పక్కనే 157 నర్సింగ్ కాలేజీలు పెడతామని కేంద్రం 2023 బడ్జెట్‌లో చెప్పింది. మెడికల్ కాలేజీలైనా, బీఎస్సీ నర్సింగ్ అయినా, అన్నిటికీ పెద్ద దిక్కు వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయమే.

ఇన్ని కాలేజీలు రావడాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. ఆసిఫాబాద్‌లో మెడికల్ కాలేజీ ఉంటుందని నా తరం వాళ్లెవరూ అనుకోలేదు. 2014 జూన్ 2 తర్వాత వచ్చిన కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లన్నీ తెలంగాణ పిల్లలకేనని 2023లో నిబంధన మార్చడం కూడా మంచి పని. కానీ సీటు నిండడం వేరు, చేతికి పని రావడం వేరు. 2022లో చేరిన పిల్లలు నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్ ముగించి బయటికొచ్చేసరికి 2028 అవుతుంది. ఈలోగా వాళ్లకు నేర్పేవాళ్లు ఏరి? 2025లో జాతీయ వైద్య కమిషన్ తెలంగాణ సర్కారు కాలేజీల్లో చాలావాటికి నోటీసులిచ్చింది, ప్రధానంగా అధ్యాపకుల కొరత మీదే. జిల్లా కేంద్రాలకు ప్రొఫెసర్లు రారు, వచ్చినా నిలవరు. పిల్లల చదువులు, ఇల్లు, సొంత ప్రాక్టీసు, అన్నీ హైదరాబాద్‌లోనే. పోస్టు మంజూరైనంత మాత్రాన పాఠం చెప్పే మనిషి దొరకడు.

మిడ్‌వైఫరీ కోర్సును ఇదే కొరతను ముందే లెక్కలోకి తీసుకుని కట్టారు. ముందు గురువులను తయారుచేస్తారు, మిడ్‌వైఫరీ ఎడ్యుకేటర్లంటారు వాళ్లను. వాళ్లు రాష్ట్ర శిక్షణ కేంద్రాలకు పోయి నర్సులకు నేర్పుతారు. ఒక ఏడాది చదువూ పనీ కలిసి, ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. కూర్చునే గది కంటే ముందు, కాన్పులు బాగా జరిగే దవాఖాన ఉండాలి. కొత్త సీట్లు ఇచ్చే ముందు ఏ కోర్సుకైనా ఇదే వరస పాటించాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎన్ని సీట్లు అనే ప్రశ్న కంటే, ఒక్కో విద్యార్థి గురువు కళ్ల ముందు ఎన్ని కాన్పులు తన చేత్తో చేశాడు, ఎన్ని రాత్రులు వార్డులో మేలుకున్నాడు అనేది విశ్వవిద్యాలయం అడగాలి.

ఇక నిలవడం సంగతి. థాయ్‌లాండ్ 1994లో పల్లెటూరి పిల్లలను డాక్టర్ చదువుకు పల్లెటూరి కోటాలో తీసుకుని, క్లినికల్ శిక్షణ ప్రాంతీయ ఆసుపత్రుల్లోనే ఇచ్చి, అక్కడే పోస్టింగ్ ఇచ్చే పద్ధతి పెట్టింది. ఏ గాలిలో పెరిగారో ఆ గాలిలోనే చదివిన వాళ్లు అక్కడ ఉండే అవకాశం ఎక్కువని వాళ్ల నమ్మకం. కరీంనగర్ నర్సుల విషయంలో మనం తెలియకుండానే అదే చేశాం. వాళ్లు ఈ జిల్లాల వాళ్లే, భర్తలకు ఇక్కడే పనులు, పిల్లలు ఇక్కడే బడికి పోతారు, మాట ఇక్కడిదే. సిస్టర్‌ను దుబాయి నుంచి ఒకసారి, బెంగళూరు నుంచి రెండుసార్లు పిలిచారట. వెళ్లలేదు.

కానీ ఆమె మనసులో ఒక బాధ ఉంది. శిక్షణ పొందిన నర్సు సర్వీసు కాగితాల మీద ఇప్పటికీ మామూలు నర్సే. మనుషులు తక్కువైన రోజు ఆమెను ఐసీయూకో, ఎమర్జెన్సీకో పంపుతారు. తన బ్యాచ్ వాళ్లలో కొందరు కాన్పుల గదిలో కంటే బయటే ఎక్కువ డ్యూటీలు చేశారని చెప్పింది. పద్దెనిమిది నెలలు పెట్టి నేర్పించిన చేతిని సెలైన్ ఎక్కించడానికి పంపితే ఆ ఖర్చంతా ఏమైనట్టు? 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు తెచ్చిన కొత్త చట్టం పేరులోనే నర్సింగ్, మిడ్‌వైఫరీ అని రెండూ ఉన్నాయి. ఆ రెండో మాటకు రాష్ట్ర సర్వీసులో సొంత పోస్టు, సొంత ప్రమోషన్ దారి రావాలి. జమ్మికుంట, హుజూరాబాద్ లాంటి చోట్ల కాన్పుల గదికే కేటాయించిన మిడ్‌వైఫ్‌లు రాత్రీ పగలూ ఉండాలి. ఇది కోట్ల రూపాయల భవనం అడిగే పని కూడా కాదు.

తల్లుల మరణాలు ఈ రాష్ట్రంలో బాగా తగ్గాయి. 2014-16లో బతికి పుట్టిన ప్రతి లక్ష బిడ్డలకు 81 మంది తల్లులు పోతే, 2018-20 నాటికి 43. ఇళ్లలో కాన్పులు దాదాపు ఆగిపోయి నూటికి 97 మంది దవాఖానకే వస్తున్నారు. పెద్దమ్మ తరం భరించింది ఈ తరం భరించడం లేదు. రప్పించడం అయిపోయింది, ఇక వచ్చినవాళ్ల పక్కన ఎవరు కూర్చుంటారన్నదే మిగిలింది. 2020 చివర్లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రిక వేసిన ఒక అంచనా ప్రకారం, మిడ్‌వైఫ్‌ల సేవ అందరికీ అందితే 2035 నాటికి 88 దేశాల్లో ఏటా 43 లక్షల ప్రాణాలు నిలుస్తాయి. అందులో మన దేశం వాటా చిన్నది కాదు.

సాయంత్రం టీ తాగుతూ, కొత్త మెడికల్ కాలేజీ పిల్లలు మీ కాన్పుల గదికి వస్తారా అని సిస్టర్‌ను అడిగాను. వస్తారంది. మొదట్లో గోడకు ఆనుకుని ఫోన్లు చూసుకునేవారట. ఒక రాత్రి ఒక ఎంబీబీఎస్ అబ్బాయి ఆగి, పార్టోగ్రాఫ్ ఎట్లా నింపాలో చూపించమని అడిగాడు. పుస్తకంలో చదివానుగానీ చేత్తో ఎప్పుడూ గీయలేదన్నాడు. తెల్లారేదాకా పక్కన కుర్చీ వేయించి నేర్పింది. మరునాడు ఇద్దరు అమ్మాయిలను వెంటబెట్టుకుని వచ్చాడట. అధ్యాపకులు లేరని ఢిల్లీ నుంచి నోటీసులొచ్చే చోట, సర్కారు సొమ్ముతోనే తయారైన ఇట్లాంటి గురువులు రాత్రి డ్యూటీలో ఉన్నారు. వాళ్లు డాక్టర్ విద్యార్థులకు సాధారణ కాన్పు నేర్పినట్టు కాలేజీ రికార్డులో రాసి, ఆ పనికి గౌరవ వేతనం, హోదా ఇస్తే ఏ నిబంధన అడ్డొస్తుందని అడిగాను.

"గదంతా పెద్దోళ్లు సూసుకోవాలె మేడం," అంది. "నాకైతే వచ్చే నెల డ్యూటీ చార్టుల కాన్పుల రూమే వేయాలె. ఆ పోరగాండ్లకు ఇంకా బిడ్డ తల తిరుగుడు చేత్తోని పట్టుడు సూపియ్యలే."